నిండు రాత్రి నిద్ర

మొన్న చలికాలంలో నాలుగు రోజులుండి వద్దామని గుంతకల్లు వెళ్లాను. నేను పుట్టి పెరిగిన ఊరు. మా అక్క ఇప్పటికీ అక్కడే ఉంది. రాత్రి భోజనాలయ్యాక దుప్పట్లు కప్పుకుని ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. అక్కాచెల్లెళ్లు కలిస్తే కబుర్లకు కొదవేముంది! మాటల్లోనే పదిన్నరైంది. వీధి సద్దుమణిగింది. స్టేషను వైపు నుంచి మైకులో బండ్ల పేర్లు చదువుతున్న గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

అంతలో పక్కింటి మేడ మీద గదిలో లైటు వెలిగింది. ఆ వెనకే ఒక ఆడపిల్ల గొంతు, గడగడా ఇంగ్లీషులో.

"ఎవరక్కా, ఈ వేళప్పుడు?" అన్నాను.

"ఆ యింటి కోడలు. అమెరికా కంపెనీలో కంప్యూటరు పని. అక్కడోళ్లకు ఇప్పుడే తెల్లారింది కదా, ఈ పిల్ల డ్యూటీ ఎక్కేది ఇప్పుడే" అంది అక్క. ఓ నిమిషం ఆగి, "ఆ లైటు చూస్తే నాయన రోజులు గుర్తొస్తాయే" అంది.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పన్నెండున్నరకు పడుకుని, పిల్లాడి స్కూలు కోసం ఐదున్నరకే లేచిందట. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడ్డప్పుడు హైదరాబాదు నుంచి అత్తగారింటికి వచ్చి, ఇక్కణ్నుంచే పని చేస్తూ ఉండిపోయింది. ఈ మధ్యనే టీమ్ లీడును చేశారు. చేతి కింద ఏడుగురు. ఇద్దరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు విశాఖలో, ముగ్గురు కాలిఫోర్నియాలో. పై మేనేజరూ కాలిఫోర్నియాలోనే.

గుంతకల్లులో మేడ మీద గదిలో కూర్చుని ఒక ఆడపిల్ల అమెరికాలో ఉన్నవాళ్లకు పని పంచి పెడుతోందంటే, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు పులకరించింది. మా అమ్మ కాలంలో ఈ మాట ఎవరైనా అంటే కథ అనుకునేవాళ్లు. కానీ ఆ పిల్ల మొహంలో మాత్రం సంతోషం లేదు.

"పెద్దమ్మా, నా టీములో అమ్మాయి నిన్న రాజీనామా పంపించింది. హైదరాబాదులో ఉంటుంది. ఎనిమిది నెలల పాప. కారణం ఏం రాసిందో తెలుసా? కుటుంబ పరిస్థితులు అని. కుటుంబం ఏం చేసింది పెద్దమ్మా? రాత్రి పదిన్నరకు మీటింగు పెట్టింది నేను కదా!" అంది.

ఈ వారం ఆ ఒక్క మాట గురించే మనం మాట్లాడుకుందాం.

అందరి ఉద్యోగం

గుంతకల్లు తెలియని వాళ్లకు ముందు రెండు మాటలు చెప్పాలి. వాన మొహం చాటేసే కరువు సీమ మా అనంతపురం జిల్లా. శెనక్కాయ విత్తి మబ్బు కోసం ఎదురు చూసే బతుకులు. ఆ మెట్టనేల నడుమ మా ఊరికి అన్నం పెట్టింది రైలు. రాయచూరు వైపు, బళ్లారి వైపు, గుత్తి వైపు, డోన్ వైపు, అనంతపురం వైపు, ఇలా ఐదు దిక్కులకు పట్టాలు పోతాయి. 1956 నుంచి ఇది రైల్వే డివిజను. ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టినా రైల్వే మనిషి ఒకరుండాల్సిందే.

రైలుకు పగలూ రాత్రీ లేదు. మా నాయన గూడ్సు బండి డ్రైవరు. అర్ధరాత్రి ఒంటిగంటకు కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్కు. నాయన అందులో సంతకం పెట్టేలోపు అమ్మ పొయ్యి రాజేసేది. ఆయన మొహం కడుక్కుని వచ్చేసరికి లైను పెట్టెలో జొన్నరొట్టెలు, శెనక్కాయ ఊరిబిండి, ఉల్లిపాయలు సిద్ధం. తిరిగొచ్చి పట్టపగలు పడుకుంటే పిల్లలం పిల్లుల్లా నడవాలి. "సప్పుడు చేయొద్దండి, మీ నాయన పండుకున్నాడు" అన్న మాట వింటూనే మేము పెద్దవాళ్లమయ్యాం. 

రైల్వే రిజిస్టర్లో ఆ ఉద్యోగం నాయన ఒక్కడిదే. ఇంట్లో మాత్రం అది అందరి ఉద్యోగం. అమ్మకు జీతం రాలేదు, అంతే తేడా!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేల నాలుగు చెరగులా చెదిరి ఉన్న మనుషుల చేత, గడియారం ఇరవైనాలుగు గంటలూ పని చేయించడం అన్నది నేడు కొత్తగా పుట్టిన విద్య కాదు. రైల్వే వాళ్లు నూట యాభై ఏళ్లుగా చేస్తున్నదే. అందులో కష్టం ఉంది, కన్నీళ్లూ ఉన్నాయి. అయితే ఒక్క మంచి మాట కూడా ఉంది. మనిషికి ఎంత విశ్రాంతి ఇవ్వాలో వాళ్లు కాగితం మీద రాసుకున్నారు.

1989 నాటి రైల్వే చట్టంలో 133వ సెక్షను ఉంది. బండి నడిపే సిబ్బందికి నెలలో కనీసం నాలుగుసార్లు ఏకబిగిన 30 గంటల చొప్పున గానీ, ఐదుసార్లు 22 గంటల చొప్పున గానీ విశ్రాంతి ఇవ్వాలని, అందులో ఒక నిండు రాత్రి కలిసి ఉండాలని ఆ సెక్షను చెబుతుంది. గమనించారా? గంటల లెక్క చెప్పి ఊరుకోలేదు. నిండు రాత్రి అన్నారు! పగటి నిద్ర పది గంటలైనా రాత్రి నిద్రకు సాటిరాదన్న సంగతి ఆ రాసినవాళ్లకు తెలుసు. మా అమ్మకూ తెలుసు.

ఈ రాతలు ఊరికే రాలేదు. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేశారు. ఎనిమిది గంటల పని అప్పటి కోరికల్లో ఒకటి. ఎన్నో ఇళ్లల్లో ఆ నెల పొయ్యి సరిగా వెలగలేదు. అంత చేసినా లోకో పైలట్ల సంఘాలు విశ్రాంతి చాలడం లేదని ఈమధ్య దాకా అడుగుతూనే ఉన్నాయి. రాసిన చోటే అమలుకు ఇంత కష్టమైతే, అసలు రాయని చోట ఎట్లుంటుందో మీరే ఆలోచించండి.

బండి ఆగదు, మనిషి దిగుతాడు

గుంతకల్లు స్టేషనులో ఎప్పుడైనా దూరపు బండి ఆగినప్పుడు ఇంజను వైపు చూడండి. వచ్చిన డ్రైవరు దిగుతాడు, కొత్త డ్రైవరు ఎక్కుతాడు. ఇంజను ఎట్లుంది, బ్రేకు ఎట్లుంది అన్నది ఒకరికొకరు చెప్పుకుంటారు, పుస్తకంలో రాసుకుంటారు. అంతటితో దిగినవాడి బాధ్యత తీరింది. స్టేషను మాస్టరు దగ్గరా అంతే. షిఫ్టు మారేటప్పుడు ఏ లైనులో ఏ బండి ఉంది, ఏ గేటు దగ్గర ఏం ఇబ్బంది అన్నది డైరీలో రాసి, సంతకం పెట్టి ఇంటికి పోతాడు. ఆయన్ను అర్ధరాత్రి లేపి "ఆ బండి సంగతేంటి సార్?" అని అడిగే పని ఉండకూడదనే ఆ డైరీ.

బండి ఆగకుండా పోవాలంటే మనుషులు మారాలి. మారాలంటే చార్జి సరిగా అప్పగించాలి. రైలు నడిపే రహస్యమంతా ఇంతే.

సాఫ్ట్‌వేరు రంగంలో మొదట చెప్పిన మాట కూడా ఇదే కదా! 1985లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం తెరిచింది. మన దేశంలో పనిచేసి అమెరికాకు పంపే పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. ఆ తర్వాత 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ వచ్చింది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తలకిందులవుతాయన్న భయంతో, వాటిని సరిచేసే పని మన పిల్లలకు కుప్పలుగా దొరికింది. మన ఊళ్లల్లో ఎన్ని ఇళ్లు డాబాలయ్యాయో, ఎంతమంది ఆడపిల్లలు ఇంజనీరింగు చదివారో అందరికీ తెలిసిందే.

అప్పట్లో పెద్దలు గొప్పగా చెప్పిన సూత్రం ఒకటుంది. అమెరికా వాళ్లు సాయంత్రం పని ఆపి ఇక్కడికి పంపుతారు. వాళ్లు నిద్రపోయే వేళ మనకు పగలు. మనం చేసి పంపితే వాళ్లు లేచేసరికి పని పూర్తి. సూర్యుడి వెంట పని తిరుగుతుంది, మనుషులు ఎవరి ఇళ్లల్లో వాళ్లు నిద్రపోతారు. చక్కటి మాట! ఈ లెక్క ప్రకారమైతే ఎవరూ రాత్రి మేలుకోనక్కర్లేదు.

మరి ఆ మేడ మీద లైటు ఎందుకు వెలుగుతోంది? పని అప్పగించేది రాతలో కాకుండా మాటల్లో కాబట్టి. రాసిపెట్టే ఓపిక లేక, ప్రతిదానికీ మీటింగు కాబట్టి. మీటింగంటే అందరూ ఒకేసారి మేలుకుని ఉండాలి. భూమి గుండ్రంగా ఉంది, ఎవరో ఒకరికి అది రాత్రే అవుతుంది. ఎవరికి? జీతం ఇచ్చేవాడి పగలే అందరికీ పగలు. అదీ అసలు సంగతి. బండీ ఆగడం లేదు, మనిషీ దిగడం లేదు.

గడియారం ఎవరిది?

గడియారాల గొడవ మా వైపు పట్టాలకు కొత్త కాదు. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి రాయచూరు దగ్గర కలిశాయి. అప్పట్లో బొంబాయి గడియారం వేరు, మద్రాసు గడియారం వేరు. రెంటికీ అరగంట తేడా. ఒకే పట్టాల మీద రెండు టైములు పెట్టుకుంటే బండ్లు ఏమవుతాయి? అందుకే రైల్వేలు మద్రాసు టైమును అందరికీ కలిపి వాడాయి. 1906లో దేశానికంతటికీ ఒకే ప్రామాణిక టైమును నిర్ణయించారు. గడియారాలు కలపడం అట్లా మొదలైంది. కానీ కాలిఫోర్నియా పగలును, గుంతకల్లు రాత్రిని ఏ గడియారమూ కలపలేదు.

ఆ అమ్మాయి లెక్క వినండి. కాలిఫోర్నియా ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ మరుసటి రోజు నుంచి అదే మీటింగు మనకు పదిన్నర. మళ్లీ మార్చిలో రెండో ఆదివారం దాకా అంతే. మన గడియారం ముల్లు కదల్లేదు, మన నిద్ర మాత్రం గంట జరిగింది! ఎవరైనా అడిగారా? లేదు. వాళ్ల శుక్రవారం మధ్యాహ్నానికి మనకు శనివారం తెల్లవారుజాము. వారానికి ఐదు రోజుల పని అని ఉద్యోగం కాగితంలో ఉంటుంది, శనివారం పొద్దుటి నిద్ర మాత్రం అందులోంచి ఎగిరిపోతుంది.

నిద్రను తేలిగ్గా తీసుకునే రోజులు కావివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సరు మీద పరిశోధన చేసే విభాగం రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరుకు కారణం కాగల వాటి జాబితాలో 2007లో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. రాత్రి పన్నెండు దాకా మేలుకున్న ప్రతివారికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు, భయపడకండి. ఏళ్ల తరబడి రాత్రి నిద్ర పోగొట్టుకుంటే ఒళ్లు లెక్క అడుగుతుందని మాత్రం అర్థం.

ఈ సంగతి పైవాళ్లకు తెలియదా అంటే తెలుసు. మైక్రోసాఫ్ట్‌ను 2014 నుంచి నడుపుతున్న సత్య నాదెళ్ల మా జిల్లా మూలాలున్నవారే. యల్లనూరు మండలం బుక్కాపురం వాళ్ల సొంతూరు. పగలు రెండు విడతలుగా సాగే పనికి తోడు రాత్రి పడుకోబోయే ముందు మూడో విడత మొదలవుతోందని ఆ కంపెనీ పరిశోధకులే 2022లో బయటపెట్టారు. ఆ ఏడాదే ఒక సదస్సులో ఆయన ఈ విషయం మాట్లాడుతూ, సెలవు రోజున పై అధికారి నుంచి ఉత్తరం వచ్చినా వెంటనే జవాబివ్వక్కర్లేదన్న ధైర్యం ఉద్యోగులకు కలగాలని, అది పైవాళ్లు నేర్చుకోవాల్సిన విద్య అని చెప్పారు. అంత పెద్ద స్థానంలో ఉన్నవారు ఆ మాట అనడం మంచిదే. అయితే ధైర్యం చెబితే సరిపోదు. రాసి పెట్టాలి.

కొన్ని దేశాలు రాసి పెట్టాయి కూడా. పని వేళ దాటాక ఫోనుకు, ఉత్తరాలకు బదులివ్వకుండా ఉండే హక్కును 2017 నుంచి ఫ్రాన్సులో చట్టం గుర్తించింది. పని వేళ దాటాక యజమాని ఉద్యోగిని కదిలించకూడదని 2021లో పోర్చుగల్ చట్టం చేసింది. 2024లో ఆస్ట్రేలియా కూడా ఆ దారి పట్టింది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటి బిల్లునే ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

రాజీనామాలో రాయని కారణం

"మగవాళ్లూ మేలుకుంటున్నారు కదా, ఆడవాళ్ల పేజీలో ఈ గొడవెందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన మాటే.

మా నాయన రాత్రంతా బండి నడిపి వస్తే పగలు నిద్రపోనిచ్చాం. ఇల్లంతా ఊపిరి బిగపట్టింది. మరి ఆ పక్కింటి కోడలు పన్నెండున్నరకు పడుకుంటే, "సప్పుడు చేయొద్దండి, మీ అమ్మ పండుకుంది" అనేవాళ్లు ఎవరు? ఐదున్నరకు పాలవాడు, ఆరింటికి నీళ్లు, ఏడింటికి పిల్లాడి డబ్బా. మా నాయన డ్యూటీ వెనక ఒక అమ్మ ఉంది. ఈ అమ్మాయి డ్యూటీ వెనక ఉన్న అమ్మ కూడా ఈ అమ్మాయే! రాత్రి మీటింగు మగవాడి నిద్రను తింటుంది. ఆడదాని ఉద్యోగాన్నే తినేస్తుంది. చివరికి కాగితం మీద మిగిలేది "కుటుంబ పరిస్థితులు".

ఆ కంపెనీలో ఎవరో ఒక పెద్దాయన ఆ కాగితం చూసి, "ఏం చేస్తాం, ఆడపిల్లలు పెళ్లయి పిల్లలు పుడితే నిలబడరు" అని నిట్టూరుస్తాడు. మీటింగు టైము వైపు మాత్రం చూడడు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు. యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉన్న చోట పిల్లల సంరక్షణ గది ఉండాలన్నారు. ఎంతో మేలు. కానీ ఇరవై ఆరు వారాలు గడిచాక ఇరవై ఏడో వారంలో రాత్రి పదిన్నరకు పాప ఏడుస్తూ ఉంటుంది, తెర మీద ఎనిమిది మంది ఎదురు చూస్తూ ఉంటారు. ఆ క్షణానికి ఏ చట్టమూ లేదు. ఉన్నదల్లా మీటింగు పెట్టినవాళ్ల మనసు.

రాత్రి పని అనగానే మనకు ముందు గుర్తొచ్చేది భద్రత. మా ఊరికి ఆ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1893లో బ్రిటిషు సైనికుల బారి నుంచి ఇద్దరు స్త్రీలను కాపాడబోయి హంపన్న అనే రైల్వే గేటు కాపరి తుపాకీ గుండుకు ప్రాణం వదిలాడు. ఆయన్ను ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. నూట ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో హైదరాబాదులో కారు ఎక్కిన ఒక ఐటీ ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. ఆ మరుసటి ఏడాది తెలంగాణలో షీ టీమ్స్ వచ్చాయి. ఒక ఘోరం జరిగితే గానీ కాపలా కళ్లు తెరవదని అప్పుడూ ఇప్పుడూ రుజువైంది.

అందుకే ఇంటి నుంచి పని అనగానే అమ్మలందరం ఊపిరి పీల్చుకున్నాం. అర్ధరాత్రి కారు ఎక్కనక్కర్లేదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. గుంతకల్లు వంటి ఊళ్లో ఇంటర్నెట్ వైరు ఒకటి మేడ మీదికి రావడం వల్ల, ఉద్యోగం మానుకోవాల్సిన కోడళ్లు ఎంతమంది నిలబడ్డారో! ఆ పని వద్దని నేననడం లేదు. కారు భద్రత గురించి నిబంధనలు పెట్టుకున్నట్టే, నిద్ర భద్రత గురించీ పెట్టుకోమంటున్నాను.

ఏం చేయొచ్చు?

ఆ అమ్మాయితో ఆ పొద్దున గంటసేపు కూర్చుని, మా అక్కా నేనూ మాకు తోచింది చెప్పాం. కంప్యూటరు మాకు రాదు. డ్యూటీ లెక్కలు మాత్రం బాగా వచ్చు!

మొదటిది, వంతులు. రైల్వేలో రాత్రి డ్యూటీ ఎప్పుడూ ఒక్కడికే వేయరు. ఒక నెల మన పదిన్నరకు మీటింగు పెడితే, మరో నెల వాళ్ల సాయంత్రం పెట్టండి. చలికాలంలో కాలిఫోర్నియాలో సాయంత్రం ఐదున్నర అంటే మనకు మర్నాడు ఉదయం ఏడు. కుక్కరు కూత పెట్టే వేళే, కాదనను. కానీ రాత్రి నిద్ర దక్కుతుంది. వాళ్లకూ ఇబ్బంది ఏమిటో తెలుస్తుంది. వంతు మారనంత కాలం అవతలి వాడి కష్టం ఎవరికీ తలకెక్కదు.

రెండోది, డైరీ. రోజూ పని ఆపే ముందు పావుగంట కేటాయించి, ఏం చేశాను, ఏం మిగిలింది, ఎక్కడ చిక్కు పడింది అన్నది ప్రతివారూ రాయాలి. అవతలి దేశం వాడు లేచి అది చదువుకుని పని మొదలుపెట్టాలి. స్టేషను మాస్టరు డైరీ లాగా. ఇట్లా రాస్తే వారానికి ఐదు మీటింగుల్లో మూడు ఎగిరిపోతాయని ఆ అమ్మాయే లెక్క వేసి చెప్పింది.

మూడోది, విశ్రాంతి లెక్క. ఇప్పుడు రైల్వేలో ఏ డ్రైవరు ఎప్పుడు దిగాడు, ఎంత విశ్రాంతి దొరికింది అన్నది కంప్యూటరులోనే నమోదవుతుంది. కంప్యూటర్లే చేసే కంపెనీలకు ఆ లెక్క ఒక లెక్కా? రాత్రి పదకొండు దాటి పని చేసినవాళ్లకు మర్నాడు ఇన్ని గంటల దాకా ఫోను రాదు అని రాసిపెడితే చాలు.

నాలుగోది, పండుగలు. నవంబరు నాలుగో గురువారం వాళ్ల థాంక్స్ గివింగ్ పండుగ. ఆ రోజు ఎవరూ వాళ్లను కదిలించరు. మరి మన సంక్రాంతి, ఉగాది, రంజాన్ రోజుల్లో "ఒక్క పది నిమిషాలు" అని ఎందుకు పిలుస్తారు? ఏడాది మొదట్లోనే అందరి పండుగలూ ఒకే పట్టికలో రాసి గోడకు తగిలించినట్టు అందరి కళ్ల ముందూ పెట్టాలి.

ఐదోది మన ఇళ్లకు. అత్తమ్మలూ, నాయనలూ, భర్తలూ, ఇది మీకే! కోడలు రాత్రి డ్యూటీ చేసిందంటే డ్యూటీ చేసినట్టే. ఇంట్లో కూర్చుని చేసింది కదా అని దాని బరువు తగ్గదు. ఆ పొద్దున పాలు కాచడం, డబ్బా కట్టడం ఇంకొకరు చూడండి. మా అమ్మ నాయనకు చేసిన మర్యాదలో సగం చాలు.

ఇదంతా విని ఆ అమ్మాయి, "పై మేనేజరు ఒప్పుకోవాలి కదా పెద్దమ్మా" అంది. నిజమే. టీమ్ లీడు అన్న పేరుంది గానీ తాళం చెవులన్నీ తన చేతిలో లేవు. అయినా అడగడం తన చేతిలో ఉంది. తన కింది నలుగురి రాత్రికి ఈ రోజు తనే పూచీ. అంతకు ముందు తన మేనేజరు తనను అడక్కుండా పదిన్నరకు మీటింగు పెట్టాడు. తనూ అదే టైమును కింది వాళ్లకు దాటించింది. అత్త పెట్టిన ఆరళ్లు కోడలికి దాటించినట్టు! ఎక్కడో ఒకచోట ఆ గొలుసు తెంపాలి కదా.

నేను ఊరు వచ్చేశాక పది రోజులకు ఫోను చేసింది. మేనేజరు ముందు నవ్వేసి, తర్వాత ఆలోచిస్తానన్నాడట. చివరికి రెండు వారాలకొకసారి వంతు మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. మొదటిసారి వాళ్ల సాయంత్రం ఐదున్నరకు మీటింగు పెట్టినప్పుడు, అమెరికాలో ఉన్న ఒకతను "పిల్లల్ని తీసుకురావాల్సిన టైము" అని విసుక్కున్నాడట. "నాకూ పిల్లాడున్నాడు అన్నాను పెద్దమ్మా" అంది. ఆ గొంతులో నవ్వుంది.

రాజీనామా పంపిన ఆ పాప తల్లికి నోటీసు గడువు ఇంకా నెల ఉంది. ఈ కొత్త టైము గురించి ఆమెతో మాట్లాడిందట. "ఆలోచించి చెబుతా అక్కా" అందట. ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. ఉండిపోతే సంతోషం. వెళ్లిపోతే మాత్రం, కారణం అన్న చోట కుటుంబాన్ని తిట్టకుండా, ఉన్న మాట రాయమని నా సలహా.

అమ్మలూ, అక్కలూ, చెల్లెళ్లూ! మీ ఇంట్లోనూ ఇలాంటి మేడ మీద లైటు ఒకటి వెలుగుతూ ఉండొచ్చు. మీ అమ్మాయిదో, కోడలిదో, మీదో. ఈ రాత్రి ఆ లైటు ఎన్నింటికి ఆరుతోందో ఓసారి గోడ గడియారం చూడండి. ఒక వారం రోజులు క్యాలెండరు మీద రాసి పెట్టండి. వారానికి ఒక్క నిండు రాత్రయినా ఉందా? లేకపోతే అడగండి. ఇంట్లోనూ అడగండి, ఆఫీసులోనూ అడగండి. బొగ్గింజను నడిపిన మా నాయన వంటి వాళ్లు అడిగితేనే ఆ మాట చట్టంలోకి ఎక్కింది. కంప్యూటరు నడిపే మన బిడ్డలు అడగడానికి మొహమాటం ఎందుకు చెప్పండి?